ఊరివాళ్ళ రేటు

"ఇప్పుడు మీరు ఎక్కడ ఉంటున్నారండీ?" అని అడిగింది కౌంటరు వెనక అమ్మాయి.

డమారిస్ నిజం చెప్పింది. కొంప మునిగింది అక్కడే.

"ఇక్కడే తల్లీ. కెయిర్న్స్‌లో ఉంటన్నాను. మెషీన్ కోసం."

అమ్మాయి ఆ మాట కంప్యూటర్లో ఎక్కించింది. ఒక మీట నొక్కింది, ఆగి ఇంకో మీట నొక్కింది. తర్వాత తలెత్తి, చాలా మెత్తగా, "అయితే మీ కార్డు ఇక చెల్లదండీ" అంది.

డమారిస్ వౌరాకి అరవై మూడేళ్ళు. ఉత్తరాన నడిసముద్రంలో ఉన్న గపు దీవిలో పుట్టింది. అక్కడే పెళ్ళాడింది, అక్కడే అయిదుగుర్ని కని ఇద్దర్ని మట్టిలో పెట్టింది, అక్కడి బళ్ళోనే ముప్ఫై ఏళ్ళు పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండింది. గపులో కొత్తమొహం కనబడితే ఎవరైనా అడిగేది ఒక్కటే, మీదే ఊరు అని. ఎక్కడ ఉంటున్నావని అడగరు. ఉండటానికేం, మనిషి ఎక్కడైనా ఉంటాడు. ఆమె తాత ముత్యపు చిప్పల పడవ మీద పద్దెనిమిదేళ్ళు ఉన్నాడు, ఆయన్ని పడవ ఊరివాడని ఎవరూ అనలేదు. తండ్రి రైలు పట్టాలు వేసే పనికి పోయి ఎడారిలో గుడారం కింద ఏడేళ్ళు ఉన్నాడు, గుడారం ఆయన ఊరు కాలేదు. అందుకని, ఎక్కడ ఉంటున్నారు అంటే డమారిస్ చెవికి ఈ పూట ఎక్కడ తలదాచుకున్నారు అన్నట్టు వినబడింది. తలదాచుకున్న చోటు చెప్పింది. ఊరు అడిగితే ఊరే చెప్పేది. అడగలేదు.

ఆ కార్డు సంగతి ఇది. గపులాంటి దూరపు దీవుల్లో ఉండేవాళ్ళకి విమానం టిక్కెట్టు మీద ప్రభుత్వం రాయితీ ఇస్తుంది. కార్డు చూపిస్తే చార్జీ సగానికి పడిపోతుంది. కాగితాల మీద దానికి బారెడు పేరుంది గానీ జనం ఊరివాళ్ళ రేటు అంటారు. కార్డు లేకపోతే, కెయిర్న్స్ నుంచి హార్న్ దీవికి పెద్ద విమానం, అక్కడినుంచి గపుకి ఎనిమిది సీట్ల చిన్న విమానం, మళ్ళీ అట్నుంచి ఇటు, అన్నీ కలిపి అయ్యే సొమ్ముతో జపాన్ వెళ్ళి వారం తిని తిరిగి రావచ్చు. సొంత ఊరు జపాన్ కంటే దూరమైపోయిన మనుషులు వీళ్ళు.

కార్డు కొత్తది చేయించుకుందామని వచ్చింది డమారిస్. వచ్చే శనివారం కాక ఆపై శనివారం గపులో ఆమె మొగుడి రాయి తెరుస్తున్నారు.

రాయి తెరవడమంటే చిన్న పని కాదు. మనిషిని పాతిపెట్టినంత మాత్రాన అయిపోదు. ఏడాదికో మూడేళ్ళకో డబ్బు కూడినప్పుడు రాయి చెక్కించి, సమాధి మీద నిలబెట్టి, పూలబట్టలతో చుట్టేసి, అన్ని దీవుల చుట్టాలనీ పిలిచి, అందరూ చూస్తుండగా ఆ బట్టలు ఒక్కొక్కటే తీస్తారు. అప్పటిదాకా పోయినవాడు పోయినట్టు కాదు, ఉన్నవాళ్ళు ఉన్నట్టూ కాదు. డమారిస్ మొగుడు ఒబెదు పోయి ఏడాదిన్నర అయింది. ఆ ఏడాదిన్నరా ఆమె రంగుబట్ట కట్టలేదు, చర్చిలో నోరు విప్పి పాట పాడలేదు, ఆట జోలికి పోలేదు. రాయి తెరిస్తే ఆమె దుఃఖానికి సెలవు. పెళ్ళాం లేకుండా మొగుడి రాయి తెరిచిన ముచ్చట గపులో ఎవరూ వినలేదు.

"ఎందుకు చెల్లదమ్మా? నాది గపు కదా. ఆ కార్డు మీద మీరే రాశారు" అంది డమారిస్.

"పన్నెండు నెలలు దాటి బయట ఉంటే స్థానిక నివాసం పోతుందండీ. మీరు రెండేళ్ళ ఎనిమిది నెలలుగా ఇక్కడ ఉంటున్నారు."

"ఉండమన్నది మీరే కదే తల్లీ."

అది అక్షరాలా నిజం. రెండేళ్ళ ఎనిమిది నెలల కిందట ఆమె రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. గపులో డయాలసిస్ మెషీన్ లేదు. హార్న్ వైపు దీవుల్లో ఉన్నవి కాసిని. పైగా ఆమె గుండె కూడా అంతంతమాత్రం, పెద్దాసుపత్రికి కూతవేటు దూరంలో ఉండాల్సిందే అన్నారు డాక్టర్లు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న ఆరింటికి కుర్చీలో కూర్చోబెట్టి అయిదు గంటలు రక్తం కడుగుతారు. ఒక్క పూట తప్పితే కాళ్ళు వాస్తాయి, రెండు పూటలు తప్పితే ఊపిరాడదు. ఇష్టపడి వచ్చిందా? మొదట ఒబెదు కూడా వచ్చాడు. నాలుగు నెలలు ఆ ఇరుకు గదిలో, కిటికీ తెరిస్తే కార్ల పార్కింగ్ తప్ప ఏమీ కనబడని చోట కూర్చుని, పోయి దుంపలు నాటి వస్తానని గపు వెళ్ళాడు. తర్వాత ఒకరోజు పడవ ఒడ్డుకు లాగుతూ కూలిపోయాడు. పాతిపెట్టడానికి డమారిస్ వెళ్ళొచ్చింది. అప్పటికి కార్డుకి గడువు మిగిలి ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

"గపులో ఉంటున్నట్టు ఏదైనా ఆధారం ఉందాండీ? అద్దె కాగితం గానీ కరెంటు బిల్లు గానీ?" అంది అమ్మాయి.

"మా ఇంటికి మేం అద్దె కట్టుకుంటామా? మా మామగారి నేల అది. కరెంటుకి బిల్లెక్కడిది, కొట్లో కార్డు కొనుక్కొచ్చి మీటర్లో పెడతాం. అయిపోతే చీకట్లో కూర్చుంటాం. చీకటికి కాగితం ఇవ్వరు కదా."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. పక్కకి నిలబడి సంచీలో ఇంకేమైనా కాగితాలున్నాయేమో చూసుకోమంది.

డమారిస్ తర్వాత వంతు ఒక కుర్రాడిది. ముప్ఫై దాటవు. ఎండకి ఎర్రబారిన మెడ, సున్నపు మరకల బూట్లు. పేరు బ్రెట్, దక్షిణాది నగరమేదో అతనిది. కౌంటరు మీద కాగితం పెట్టాడు. పదకొండు నెలలుగా గపులో టీచర్లకి ఇళ్ళు కడుతున్నాడట, కంపెనీ అతనికి అక్కడ ఇల్లు అద్దెకి తీసుకుందట, అద్దె కాగితం ఇదిగోనట. ఆరు నిమిషాలు పట్టలేదు. చేతిలో నిగనిగలాడే కొత్త కార్డు పెట్టింది అమ్మాయి. అందులో కుర్రాడి తప్పేం లేదు. ఎవరికి ఇస్తే వాళ్ళు పుచ్చుకుంటారు.

పోబోతూ అతను డమారిస్ వంక చూసి ఆగిపోయాడు.

"ఆంటీ, మీరు ఎలియాబ్ గారి అక్కగారు కదా? వాళ్ళింట్లో మీ ఫొటో చూశాను. మీ పక్కిల్లే మాది. మీ పెరట్లో మామిడికాయలు మేమే కోసుకుంటున్నాం, ఆయన కోసుకోమన్నారు."

"కోసుకోండి నాయనా. ఈసారి పులుపు తగ్గిందా?"

"లేదు ఆంటీ, పళ్ళు జివ్వుమంటున్నాయి."

అమ్మాయి మొహం వెలిగింది. మంచి మనసున్న పిల్లే. ఫారం రెండో పేజీ తిప్పి చూపించింది. ఆధారాలు లేనివాళ్ళ గురించి ఆ ఊరి స్థానిక నివాసి ఎవరైనా ధ్రువీకరించవచ్చట. బ్రెట్ ఇప్పుడు గపు స్థానిక నివాసి, కార్డు కూడా ఉంది. అతను సంతకం పెడితే సరి.

డమారిస్‌ని ముత్తవ్వల పేర్లు చెప్పమంటే ఏడుగుర్ని చెబుతుంది, ఏడుగురూ ఆ ఇసకలోనే ఉన్నారు. ఆమె గపు మనిషేనని మొన్న వచ్చి ఆమె పెరట్లో మామిడికాయలు కోసుకుంటున్న కుర్రాడు సాక్ష్యం చెప్పాలి. ఒళ్ళు భగ్గుమంది. కానీ మొగుడి రాయి కళ్ళముందు కదిలింది. కోపం దిగమింగి కలం అతని చేతికిచ్చింది.

"పెట్టు బాబూ. నేను మంచిదాన్నని కూడా రాయి, పనిలో పని."

బ్రెట్ చెవులదాకా ఎర్రబడ్డాడు. "నాకు సిగ్గుగా ఉంది ఆంటీ" అంటూనే పెట్టాడు.

ఆ అవమానం కూడా దండగే అయింది. కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆసుపత్రి లెక్కలో డమారిస్ వౌరా కెయిర్న్స్ నివాసి అని ఉందట. రెండు చోట్ల రెండు నివాసాలు చూపిస్తే యంత్రం ఫారాన్ని వెనక్కి తోసేస్తుందట. అమ్మాయి లోపలికి వెళ్ళి పై అధికారిని తీసుకొచ్చింది.

పై అధికారి పేరు ప్రిచెట్. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, చొక్కా జేబులో రెండు కలాలు. డమారిస్‌కి కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. మర్యాదకేం లోటు లేదు. నీళ్ళు కొలిచి తాగాల్సిన మనిషి కాబట్టి ఆమె గ్లాసు ముట్టుకోలేదు.

"ఆసుపత్రిలో కెయిర్న్స్ అడ్రస్ ఎందుకిచ్చారండీ?"

"ఇవ్వకపోతే కుర్చీ ఇవ్వం అన్నారు. మెషీన్ కుర్చీ. ఈ ఊళ్ళో ఇల్లుండాలి, ఇక్కడే ఉంటానని సంతకం పెట్టాలి అన్నారు. పెట్టా."

"అంటే మీరే ఒప్పుకున్నారు కదండీ, ఇక్కడ నివాసమని."

"ఒప్పుకోకపోతే మూడో వారం చచ్చేదాన్ని బాబూ."

"అది ఆరోగ్య శాఖ. మాది రవాణా. వాళ్ళ నియమాలు వాళ్ళవి."

"ఇద్దరికీ జీతమిచ్చేది ఒకడే కదా. వాడిని ఒకచోట కూర్చోబెట్టి అడగండి, నన్ను ఎక్కడుండమంటాడో."

ప్రిచెట్ నవ్వాడు, నవ్వకూడదని గుర్తొచ్చి ఆపుకున్నాడు. ఆమె మళ్ళీ గపుకి శాశ్వతంగా తిరిగి వెళ్ళిపోతున్నట్టు రాసిస్తే కార్డు వెంటనే ఇవ్వవచ్చు అన్నాడు. అప్పుడు ఆసుపత్రి కుర్చీ ఏమవుతుంది అని డమారిస్ అడిగింది. వివరాలు అటు వెళతాయి కాబట్టి కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు, అని ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఊరివాళ్ళ రేటు కావాలంటే ప్రాణం వదులుకోవాలని చెబుతూ, తను చెబుతున్నది అదేనని తెలియకుండా ఉండగలగడం కూడా ఒక విద్యే. ఆ విద్య నేర్పే బళ్ళు బాగానే నడుస్తున్నాయి.

అప్పుడు డమారిస్ సంచీలోంచి ఆసుపత్రి ఫైలు తీసింది. అందులో అన్నిటికంటే అడుగున ఒక కాగితం ఉంది. మెషీన్ ఎక్కించిన మొదటి రోజునే నర్సు సంతకం పెట్టించుకుంది. చికిత్స కాలంలో రోగి మరణించిన పక్షంలో మృతదేహం ప్రభుత్వ ఖర్చుతో స్వస్థలానికి చేర్చబడును. స్వస్థలం అన్నచోట నర్సు నీలం సిరాతో గపు దీవి అని రాసింది. కింద ప్రభుత్వ ముద్ర గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా పడింది.

"ఇదిగో నీకు ఆధారం" అంటూ ఆయన ముందు పెట్టింది.

ప్రిచెట్ రెండుసార్లు చదివాడు. "ఇది... ఇది మరణించినవాళ్ళకి వర్తించేదండీ."

డమారిస్ గొంతు పెద్దది కాదు. బళ్ళో వండేటప్పుడు కూడా ఆమె పిల్లల్ని అరిచి ఎరగదు. అప్పుడూ అరవలేదు, కానీ ఆఫీసంతా పని మాని వింది.

"నా మొగుడి రాయి ఈ ఊళ్ళోనే చెక్కించాం బాబూ. దాన్ని పడవకెక్కిస్తే, దూరపు దీవికి పోయే సరుకని మీరే కిరాయి తగ్గించారు. రాయికి ఊరుంది. గడ్డకట్టిన కోళ్ళ పెట్టెలకి ఊరుంది, వాటికీ తగ్గించారు. ఈ కుర్రాడికి ఊరుంది, ఉండనీ, మంచోడు. రేపు నేను చస్తే నా శవానికి కూడా ఊరుంది, ముద్ర కొట్టి మరీ ఇచ్చారు, టిక్కెట్టు కూడా మీదే. లేచి నడుస్తన్నా కాబట్టి నాకొక్కదానికే లేదు. అంతేనా?"

"మీ బాధ నాకు అర్థమైందండీ."

"బాధ కాదు నేను చెప్పింది. లెక్క చెప్పా."

ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"సరే. ఒక పని చెయ్యి. గపు నా ఊరు కాదని ఒక కాగితం రాసివ్వు" అంది డమారిస్.

"అలా ఎలా రాస్తామండీ? మీకు ప్రస్తుతం అర్హతా ప్రమాణాలు..."

"అలా రాయలేనప్పుడు అలా ఎందుకు చేస్తన్నావు? నోటితో అన్నావు కదా, చేత్తో రాయి. మా వాళ్ళకి చూపించాలి నేను. పెళ్ళాం మొగుడి రాయికి ఎందుకు రాలేదంటే ఏం చెప్పను? కాగితం చూపిస్తా."

రాసిచ్చేదాకా లేవనంది. నాలుగున్నరకి ఆఫీసు మూస్తారు. నాలుగుంబావు దాకా ఆమె ఆ కుర్చీలోనే కూర్చుంది. మిగతావాళ్ళు వచ్చారు, పోయారు, కొందరు కార్డులు తీసుకున్నారు. బ్రెట్ మాత్రం పోలేదు, గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చివరికి ప్రిచెట్ లోపల్నుంచి ఒక ఉత్తరం తెచ్చాడు. పైన శాఖ ముద్ర, కింద సంతకం, మధ్యలో ఒకే వాక్యం. ప్రస్తుత ప్రమాణాల ప్రకారం శ్రీమతి డమారిస్ వౌరా గపు దీవి నివాసి కారు.

ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంకెవరి మొహమూ చూడకుండా బయటికి నడిచింది. బస్సు స్టాపులో కూర్చుని, వచ్చిన రెండు బస్సులూ వదిలేసింది. ఏడుపు కాదు, కోపం. ఏడుపైతే తీరేది.

సాయంత్రం ఆమె మేనకోడలు మేలీన్ వచ్చింది. ఎలియాబ్ కూతురు, వృద్ధాశ్రమంలో పని చేస్తుంది, డమారిస్‌ని కనిపెట్టుకుని ఉండేది తనే. ఉత్తరం చదివి మంచం మీద విసిరికొట్టింది.

"నీకెవరు నిజం చెప్పమన్నారత్తా? గపులోనే ఉంటన్నా, మందులకి వచ్చిపోతన్నా అనుంటే అయిపోయేది. అందరూ అదే చెబుతారు."

"అడిగితే చెప్పా. ఆదివారం చర్చిలో ఒకటి, గురువారం ఆఫీసులో ఒకటి చెప్పమంటావా?"

"చెప్పాలి. వాళ్ళు చెబుతన్నారు కదా రోజుకొకటి."

మేలీన్ తండ్రికి ఫోను కలిపి అత్త చేతికిచ్చింది. అటునుంచి సముద్రం గాలి హోరు, కుక్క మొరుగు, ఎలియాబ్ గొంతు. బావ పోతే కర్మంతా బావమరిది చెయ్యాలి, మరిగెత్ అంటారు ఆ పనిని. గొయ్యి తవ్వించింది ఎలియాబే, ఇప్పుడు రాయి తెరిపించేదీ అతనే. సంగతి వినగానే, "నువ్వు రాకపోతే రాయి తెరవనక్కా. ఎవరొచ్చి చెప్పినా తెరవను" అన్నాడు.

"నోర్మూసుకో. డార్విన్ నుంచి ముగ్గురు పిల్లలూ, మరుదులూ టిక్కెట్లు కొనుక్కున్నారు. పడవలో సరుకు దిగింది. ఆ బట్టల కింద ఆయన్ని ఇంకెన్నాళ్ళు ఊపిరాడకుండా ఉంచుతావు?"

"మరి నువ్వు రా."

"ఏ మొహంతో రానురా? పూర్తి చార్జీ కట్టి, చూట్టానికొచ్చిన మనిషిలాగా నా ఇంటికి నేను రావాలా? వాళ్ళన్నదానికి నేను తలూపినట్టేగా."

ఎలియాబ్ అన్నాడు, "అక్కా, నువ్వు తల ఊపినా ఊపకపోయినా వాళ్ళకేం పట్టదు. బావకి పడుతుంది. కప్‌మరి వంట గొయ్యిలోకి విందుకని నాలుగు పందులు చెప్పాను. రెండు చాలు. ఆ రెంటి డబ్బు, బియ్యంలో కొంత, టిక్కెట్టుకి పెడతా. ఎవడైనా మాంసం తక్కువైందంటే ప్రభుత్వం తినిందని చెప్తా."

డమారిస్ తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చింది. నాలుగు దీవుల జనాన్ని పిలిచి గపు వాళ్ళు రెండు పందులు తగ్గించడమంటే ఎంత తలవంపో ఆమెకి తెలుసు.

ఆ పై వారం శుక్రవారం పదకొండింటికి మెషీన్ దిగి, మోచేతి దగ్గర కట్టుతోనే విమానాశ్రయానికి వెళ్ళింది. టిక్కెట్టు మీద పేరు పక్కన ప్రయాణికుల వర్గం అని ఒక గడి ఉంది. అందులో సందర్శకురాలు అని ఉంది. రాత్రికి హార్న్ దీవిలో చుట్టాలింట్లో పడుకుని, శనివారం పొద్దున్న చిన్న విమానంలో గపులో దిగింది. విమానం దిగేచోటి పాకమీద, రెక్కలమీద, ఇసకమీద ఒకటే ఎండ. తమ్ముడు పరుగున వచ్చి ఎత్తుకున్నంత పని చేశాడు.

మధ్యాహ్నం ఊరంతా సమాధుల దగ్గర చేరింది. నాలుగు వందల మంది ఉంటారు. ఒబెదు రాయి పూలబట్టల కింద నిలువెత్తు మనిషిలా ఉంది. బట్టల నిండా పిన్నులు, పిన్నులకి కానుకలుగా నోట్లు, జాకెట్టు ముక్కలు, తువాళ్ళు. డమారిస్ అందరికంటే ముందు వెళ్ళి పై పొరలు ఎత్తి, అడుగు బట్టకి ఛాతీ ఎత్తున ఆఫీసు కాగితం కూడా పిన్నుతో గుచ్చి వచ్చి చాప మీద కూర్చుంది. పాస్టరు ప్రార్థన చేశాడు. ఎలియాబ్ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచాడు, వాళ్ళు వచ్చి ఒక్కొక్క పొర తీసుకున్నారు. చివరి బట్ట మిగిలింది. దాని మీద కాగితం ఒక్కటే ఉంది.

"ఇదేంటక్కా?"

"చదువు. అందరికీ వినబడేట్టు చదువు."

ఎలియాబ్ ఇంగ్లీషులో చదివాడు. పిల్లలకి అర్థమైంది, ముసలివాళ్ళకి కాలేదు. మన భాషలో చెప్పమన్నారు. అతను మొదలుపెట్టి, నివాసి అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఆ మాటకి వాళ్ళ భాషలో సరిపోయే మాట లేదు. ఊరి మనిషి అన్న మాట ఒక్కటే ఉంది. ఎటు తిప్పినా అదే నోటికొచ్చింది. రెండుసార్లు గొంతు సవరించుకుని, చివరికి చెప్పేశాడు. "డమారిస్ ఈ ఊరి మనిషి కాదు అంట."

మగవాళ్ళలో ఒక గొణుగుడు లేచింది, ఒకడు బూతు మాట అని పాస్టరుని చూసి నోరు మూసుకున్నాడు. బ్రెట్ వెనక వరసలో టోపీ తీసి నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. చాప మీద డమారిస్ పక్కన ఒబెదు పినతల్లి పౌలీనా కూర్చుని ఉంది. తొంభై ఒకటి దాటాయి, చెవుడు. "ఏంటంటన్నాడు?" అని మోచేత్తో పొడిచింది. మేలీన్ ఆమె చెవిలో గట్టిగా అరిచి చెప్పింది.

ముసలామె ఆ మాటని కాసేపు నోట్లో నానబెట్టుకుంది.

"రాసినాయనది ఏ ఊరు?" అని అడిగింది.

ఎలియాబ్ కాగితం కిందికి చూశాడు. పేరుంది, హోదా ఉంది, గది నంబరుంది, ఫోను నంబరుంది. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"ఊరు రాయలేదు పెద్దమ్మా."

"ఊరు లేనోడి మాట పట్టుకొచ్చి నాకెందుకు చదువుతున్నావురా? ఎండలో పిల్ల కూర్చుని ఉంది. బట్ట తియ్యి."

ఎలియాబ్ బట్ట తీశాడు. నల్లరాయి మీద ఒబెదు మొహం, పక్కన అతని పడవ బొమ్మ బయటపడ్డాయి. డమారిస్ లేచి వెళ్ళి రాతిని రెండు చేతులతో పట్టుకుంది. ఏడాదిన్నర తర్వాత నోరు విప్పి పాడింది. గొంతు పాడైపోయి ఉంది, అయినా చివరిదాకా పాడింది.

సాయంత్రం కొబ్బరాకులు పరిచి వడ్డించారు. వచ్చినవాళ్ళు ముందు తినాలి, ఇంటివాళ్ళు అందర్నీ పంపి ఆఖర్న తినాలి, ఆఖర్న ఆడాలి. రెండు పందులే కావడంతో పంక్తులు నెమ్మదిగా సాగాయి. చేపలు పట్టుకొచ్చి కాల్చి మళ్ళీ కూర్చోబెట్టారు. రాత్రంతా డప్పులు మోగాయి. ఆదివారం పొద్దున్నకి కూడా ఇంటివాళ్ళ వంతు రాలేదు. పదిన్నరకి విమానం.

మరదలు ఒక ఆకులో అన్నం, కొబ్బరిపాల కూర పెట్టి తెచ్చింది. "వదినా, ఆ సైబాయ్ దీవి నుంచి వచ్చినవాళ్ళ పంక్తిలో కూర్చుని నాలుగు ముద్దలు తినేసి వెళ్ళు. ఎవరూ ఏమీ అనుకోరు. నిన్న పొద్దుట్నుంచి ఏమీ తినలేదు."

సైబాయ్ వాళ్ళు జరిగి చోటిచ్చారు. డమారిస్ ఆ చోటు వంక చూసింది, ఆకు వంక చూసింది.

"అది చుట్టాల పంక్తి. నేను ఇంటిదాన్ని" అంది.

సంచీ భుజాన వేసుకుని, తమ్ముడి ట్రక్కెక్కి, ఖాళీ కడుపుతో విమానం దగ్గరికి వెళ్ళింది. మర్నాడు ఆరింటికి మెషీన్ ఉంది.